కటింగ్ మాస్టరు మెడ కొలత

ఆ టైలరింగ్ షాపులో పెద్ద కత్తెర ఒక్కరి చేతిలోనే ఉండేది. మిషన్ల మీద కుట్టేవాళ్లు కుడతారు, కాజాలు తీసేవాళ్లు తీస్తారు, కానీ గుడ్డ మీద మొదటి కోత పడాలంటే మాత్రం కటింగ్ మాస్టరు రావాల్సిందే. ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. ఇంట్లో ఏవండీ, షాపులో మాస్టరు, అక్కడే పనిచేసే బావమరిదికి బావ. గుడ్డను బల్ల మీద పరిచి, అరచేత్తో ఒకసారి నిమిరి, సుద్దముక్కతో గీత గీశాడంటే ఇక దానికి తిరుగు లేదు. "గీసేటప్పుడు ఎంతసేపైనా ఆలోచించు, కోసేటప్పుడు మాత్రం ఆలోచించకు" అని పని నేర్చుకునేవాళ్లకు చెప్పేవాడు. చెప్పడం తేలికే లెండి.

అంతటి మనిషి ఒక మధ్యాహ్నం ఒకే కోటుకి రెండు ఎడమ భాగాలు కోశాడు.

కోటుకి ముందు భాగాలు రెండుంటాయి, కుడివైపుది ఒకటి, ఎడమవైపుది ఒకటి. మామూలుగా గుడ్డను రెండు పొరలుగా మడిచి కోస్తే రెండూ ఒకేసారి వచ్చేస్తాయి. ఆ రోజు గుడ్డ చాలక ఒంటి పొరగా పరిచాడు. అలాంటప్పుడు నమూనా కాగితాన్ని ఒకసారి ఇలా పెట్టి, రెండోసారి తిరగేసి పెట్టాలి. పనిలో చేరినవాడికి మొదటి వారంలోనే చెప్పే మాట అది. ఆ మాట ఇన్నేళ్లుగా అందరికీ చెప్పిన మనిషే తిరగేయలేదు. మరిచిపోయాడనడం కూడా సరికాదు. కాగితం పెట్టడానికీ కత్తెర పట్టడానికీ మధ్య, నిలబడ్డచోటే కునుకు పట్టేసింది. తేరుకునేసరికి చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

ఆ గుడ్డ ఒక బడి టీచరమ్మది. భర్త ఉద్యోగ విరమణ నాటికి కోటు కుట్టించాలని మంచి ఉన్ని గుడ్డ ఏళ్ల తరబడి బీరువాలో దాచుకుంది. అలాంటిది మళ్లీ ఎక్కడా దొరకదు. జరిగింది చెప్తే ఆవిడ అరవలేదు. ముక్కల్ని మడిచి సంచిలో పెట్టుకుని, "పర్లేదండీ" అని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ "పర్లేదండీ" మాస్టరుకి గుండెలో ములుకులా దిగబడిపోయింది.

షాపు యజమాని పెద్దాయన, మాట కరుకు, మనసు మెత్తన. సాయంత్రం మాస్టరుని పక్కకి పిలిచాడు. "గుడ్డ పోయిందని కాదయ్యా నా బాధ. కత్తెర మొన నీ బొటనవేలికి ఎంత దగ్గరగా ఆగిందో నేను చూశాను. గుడ్డ పోతే కాళ్లు పట్టుకుని బతిమాలుకుంటాం. వేలు పోతే ఎవరి కాళ్లు పట్టుకోను? కొన్నాళ్లు కత్తెర పక్కన పెట్టు. బొత్తాలు కుట్టు. నీ బావమరిది కోస్తాడు. నీ ఒళ్లు బాగుపడిందని ఏ డాక్టరైనా గట్టిగా చెప్పిన రోజున, కత్తెర నేనే తెచ్చి నీ చేతిలో పెడతాను."

కటింగ్ మాస్టరుని బొత్తాలు కుట్టమనడమంటే ఏమిటో ఆ పనిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. మాస్టరు తల ఊపి, కత్తెరను నూనెగుడ్డతో తుడిచి, బావమరిది చేతికిచ్చాడు. బావమరిది ముఖం కందగడ్డ అయింది. "నాకొద్దు బావా ఇది. నువ్వు పక్కన కూర్చుని బొత్తాలు కుడుతుంటే నేనెలా కొయ్యను?" అన్నాడు. "తిరగేసి కొయ్యి" అన్నాడు మాస్టరు.

ఈ కునుకులు ఆ రోజు కొత్తగా వచ్చినవి కావు. కొన్నేళ్లుగా బస్సు ఎక్కితే కునుకు, కుర్చీలో కూర్చుంటే కునుకు, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మధ్యలోనే కునుకు. పోనీ రాత్రి నిద్ర తక్కువా అంటే, పెందలాడే పడుకుని పొద్దెక్కి లేచేవాడు. లేచేటప్పుడు మాత్రం రాత్రంతా మూటలు మోసినవాడిలా, తలనొప్పితో, విసుగుతో లేచేవాడు. "వయసు మీద పడుతోంది" అనేవాడు. యాభై దాటి ఎంతో కాలం కాలేదు, ఏం వయసు? కానీ మనిషికి వయసు మీదికి నెట్టేయడమంత సులువైన వైద్యం ఇంకోటి లేదు.

గురక సంగతి చెప్పనే అక్కర్లేదు. "బావా, రాత్రి పూట మిషన్ ఆపమని పక్కింటివాళ్లు అడుగుతున్నారు. మా ఇంట్లో మిషన్ లేదండీ, ఉన్నది మా బావే అని చెప్పాను" అని బావమరిది షాపంతా నవ్వించేవాడు. మాస్టరు కూడా నవ్వేవాడు. నవ్వనిది ఆయన భార్య ఒక్కతే.

"మీ చప్పుడుకి నాకేం భయం లేదండీ. అది ఆగితేనే భయం" అనేది ఆవిడ.

"గురక పెడితే ఓ గోల, పెట్టకపోతే ఓ గోల. నీతో వేగడం నా వల్ల కాదు" అనేవాడు మాస్టరు.

వెల్లకిలా పడుకుంటేనే ఎక్కువవుతోందని గమనించి, ఆవిడే ఒక ఉపాయం చెప్పింది. రాత్రి చొక్కాకి వీపు మీద జేబు కుట్టి అందులో రబ్బరు బంతి పెట్టాడు మాస్టరు, వెల్లకిలా తిరిగితే గుచ్చుకుని పక్కకి తిరుగుతాడని. కుట్టడం ఎలా కుట్టాడనుకున్నారు! జేబుకి మూత, మూతకి కాజా, కాజాకి రంగు కలిసే బొత్తాం. పెళ్లికొడుకు కోటుకి కూడా అంత శ్రద్ధ పెట్టి ఉండడు. కొంతకాలం పనిచేసింది. తర్వాత ఆ బంతి మీదే వెల్లకిలా పడుకుని గుర్రుపెట్టడం ఆయన ఒళ్లే నేర్చేసుకుంది.

బొత్తాల పనిలో పడిన కొద్దిరోజులకే, మెత్తటి బ్రెడ్డుముక్క నములుతుంటే వెనక దవడపన్ను పుటుక్కున విరిగింది. "బొత్తాలు కుట్టి కుట్టి, దారం కొరికి కొరికి విరిగింది" అని తీర్పు చెప్పుకుని, చెంప పట్టుకుని, భార్యని తోడు తీసుకుని పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. షాపు నుంచి నేరుగా వెళ్లాడేమో, కొలత టేపు మెడలోనే ఉండిపోయింది.

డాక్టరమ్మది మేడ మీద చిన్న ఆసుపత్రి. ముందు గదిలో నాలుగు కుర్చీలు, లోపల ఒకే ఒక పెద్ద కుర్చీ. ఆవిడ మత్తు సూది ఇచ్చి, "మొద్దుబారేదాకా అలాగే ఉండండి, ఇప్పుడే వస్తాను" అని చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. వెనక్కి వచ్చి చూస్తే మనిషి నోరు తెరుచుకుని గాఢనిద్రలో ఉన్నాడు. ఆ ఇరుకు గది అద్దాలు అదిరేలా గురక. ఆవిడ నవ్వబోయింది. అంతలో గురక టక్కున ఆగింది. ఛాతీ ఎగసిపడుతోంది, పొట్ట లోపలికి లాక్కుంటోంది, కానీ గాలి లోపలికి పోవడం లేదు. పెదాల రంగు మారుతోంది. మూలన స్టూలు మీద కూర్చున్న భార్య గబుక్కున లేచొచ్చి, ఏ కంగారూ లేకుండా, అలవాటైన పనిలా ఆయన భుజం పట్టి కుదిపింది. ఒక్క పెద్ద ఊపిరి గుర్రున లాగి మాస్టరు కళ్లు తెరిచాడు.

"అయిపోయిందామ్మా? అస్సలు నొప్పి తెలియలేదు" అన్నాడు.

డాక్టరమ్మ ఆయన భార్య వైపు తిరిగి, "ఇంట్లో కూడా ఇలా అవుతుందా?" అని అడిగింది.

"రోజూ అవుతుందమ్మా. నేను లేపకపోతే ఎవరు లేపుతారు?"

ఆ మాట ఆవిడ మామూలుగానే అంది. డాక్టరమ్మ అప్పుడు ఆవిడ ముఖం సరిగ్గా చూసింది. ఆవిడ కళ్ల కింద నలుపు ఎన్నేళ్లదో చూస్తేనే తెలుస్తోంది.

పన్ను పని ఆ పూటకి సర్ది, డాక్టరమ్మ చిన్న అద్దంతో నోరంతా వెతికింది. "నా కుర్చీలో చెమటలు పట్టినవాళ్లని చూశాను, ఏడ్చినవాళ్లని చూశాను, లేచి పారిపోయినవాళ్లని కూడా చూశాను. గుర్రుపెట్టి నిద్రపోయినవాళ్లని మిమ్మల్నే చూశాను మాస్టరుగారూ. ఈ ముందు పంటి మీద నొక్కు ఉందే, ఇది దారం కొరకడం వల్ల. ఒప్పుకుంటాను. కానీ దారం ఎవరైనా వెనక పళ్లతో కొరుకుతారా? మీ దవడపళ్లన్నీ చదునుగా అరిగిపోయాయి. నిద్రలో నూరుతున్నారు. నాలుక అంచు చుట్టూ పళ్ల గుర్తులు. నిద్రపోగానే నాలుక వెనక్కి జారి గొంతుకి అడ్డం పడుతున్నట్టుంది. ఊపిరి ఆడక ఒళ్లు ఉలిక్కిపడి లేస్తుంది, మీకు తెలియను కూడా తెలియదు. రాత్రంతా ఇదే తంతయితే పగలు కునుకు పట్టక ఏమవుతుంది?"

"పన్ను బాగుచేయమని వస్తే నిద్ర సంగతి ఎత్తారేంటమ్మా? మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టినట్టుంది" అన్నాడు మాస్టరు, మొద్దుబారిన నోటితో.

"ముడి నేను పెట్టలేదు, మీ గొంతే పెట్టింది. అది సరే, మీ చొక్కా కాలరు కొలతెంత?"

ఈ ప్రశ్నకి మాస్టరు ప్రాణం లేచొచ్చింది. తనకి తెలిసిన విషయం! "పదిహేనున్నర. పెళ్లినాటి నుంచీ అదే" అన్నాడు టక్కున.

"ఏ పెళ్లి?" అంది భార్య.

మాస్టరు ఆవిడ వంక గుర్రుగా చూశాడు. ఆవిడ తగ్గలేదు. "మీరు ఏమన్నా అనండి, నేను చెప్తాను. చూడమ్మా, ఏడాదికోసారి కాలరు బిగుతయిందంటారు. ఈ కాలం గుడ్డ మంచిది కాదు, ఉతికితే ముడుచుకుపోతోందంటారు. గుడ్డ అమ్మినవాడిని తిట్టి, కాలరు కుట్టు విప్పి కొంచెం వదులు చేసుకుంటారు. మరుసటి ఏడాది మళ్లీ గుడ్డ ముడుచుకుపోతుంది. ఉతికేది నేను కదమ్మా. నా చీరలు ముడుచుకోవు, దుప్పట్లు ముడుచుకోవు, ఈయన కాలర్లే ముడుచుకుంటాయి!"

"టేపు మీ మెడలోనే ఉందిగా, ఒక్కసారి చుట్టండి" అంది డాక్టరమ్మ.

భార్యే చుట్టింది. పదిహేడున్నర దాటింది. మాస్టరు నమ్మలేదు. టేపు లాక్కుని తనే కొలుచుకున్నాడు, ఊపిరి బిగబట్టి మళ్లీ కొలుచుకున్నాడు. టేపు ఎవరి ముఖమూ చూసి చెప్పదు కదా. ఊళ్లో అందరి ఒళ్లూ కొలిచిన ఆ టేపు పొద్దుట్నుంచి రాత్రిదాకా ఆయన మెడలోనే వేలాడేది, ఆ మెడని మాత్రం ఏనాడూ కొలవలేదు. బజార్లో చొక్కా కొనుక్కునే మామూలు మనిషికి కాలరు బొత్తాం పట్టకపోతే ఆ పూటే తెలిసిపోతుంది, మెడ లావెక్కిందని. ఈయన టైలరైపోయాడు. ఒళ్లు హెచ్చరిక చేసిన ప్రతిసారీ కుట్టు విప్పి దాని నోరు మూయించాడు. చూశారా, పనితనం ఎంత పని చేసిందో!

"లావు మెడ ఉన్నంత మాత్రాన జబ్బున్నట్టు కాదు" అంది డాక్టరమ్మ. "నేను పళ్ల డాక్టర్ని, ఇది ఫలానా అని తేల్చి చెప్పడం నా పని కాదు. కానీ కళ్లారా చూశాక ఊరుకోలేను. నిద్ర జబ్బుల డాక్టరు పరీక్ష చేసి తేలుస్తారు. ఇప్పుడే మాట్లాడతాను." అక్కడికక్కడే ఫోను తీసింది.

మెట్లు దిగుతూ మాస్టరు సణిగాడు. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని, పన్ను కోసం వస్తే ఎక్కడెక్కడికో పంపుతోంది."

"ఆ ఉన్న నాలుకే వెనక్కి పడిపోతోందని చెప్తోంది ఆవిడ! మాట్లాడకుండా నడవండి" అంది భార్య.

నిద్ర డాక్టరు ఛాతీకి ఒక పట్టీ, వేలికి ఒక క్లిప్పు, ముక్కు దగ్గర ఒక గొట్టం ఇచ్చి ఇంట్లోనే తగిలించుకుని పడుకోమన్నాడు. మర్నాడు ఆ యంత్రం అసలు సంగతి చెప్పింది. ప్రతి గంటలోనూ ఎన్నెన్నిసార్లో ఊపిరి ఆగుతోంది. జబ్బు మరీ తీవ్రం కాదు, తేలికా కాదు, మధ్యస్థం. వదిలేస్తే గుండె మీద, రక్తపోటు మీద దెబ్బ పడుతుంది. ముక్కుకి తొడుగు పెట్టి రాత్రంతా గాలి పంపే మిషను ఒకటి ఉంది, ముందు అది వాడి చూడమన్నాడు.

ఆ మిషనుతో హాయిగా నిద్రపోయేవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. మాస్టరుకి మాత్రం కుదరలేదు. పెట్టుకుని పడుకునేవాడు. పొద్దున్న చూస్తే ఆ తొడుగు పట్టీలన్నీ విప్పి, చక్కగా మడతపెట్టి, దిండు పక్కన ఉండేది. నిద్రలోనే విప్పేస్తున్నాడు, నిద్రలోనే మడతపెడుతున్నాడు. చేతి అలవాటు! తొడుగు మార్చి చూశారు, పట్టీ మార్చి చూశారు. మడతలో తేడా రాలేదు. చివరికి నిద్ర డాక్టరే నవ్వి, "మీ స్థాయి జబ్బుకి ఇంకో దారి ఉంది. మిమ్మల్ని నా దగ్గరికి పంపిన పళ్ల డాక్టరు దగ్గరే ఉంది" అన్నాడు.

మాస్టరు మళ్లీ ఆ మెట్లెక్కాడు. షాపులో కత్తెర బావమరిది చేతిలోనే ఉంది. కోత వంకర పోలేదు గానీ, ప్రతి గుడ్డకీ "బావా, ఒక్కసారి చూడు" అని వచ్చేవాడు వాడు. చూసి చెప్పడమే తప్ప చేత్తో పట్టుకోలేని ఆ బాధ ఎలాంటిదో చెప్పడానికి మాటలు చాలవు. బొత్తాల డబ్బా ముందు కూర్చున్న ఆయన చూపెప్పుడూ ఆ పెద్ద బల్ల మీదే ఉండేది.

డాక్టరమ్మ మొదట పళ్లూ చిగుళ్లూ గట్టిగా ఉన్నాయో లేదో చూసింది, విరిగిన పన్నుకి గట్టి తొడుగు వేసింది. తర్వాత పై పళ్లకీ కింది పళ్లకీ అచ్చు తీసింది. కొన్నాళ్లకి అచ్చుకి సరిపోయే రెండు పారదర్శకమైన తొడుగులు వచ్చాయి, పైదీ కిందదీ పక్కల్లో సన్నటి మరలతో కలిపి. "ఇది కింది దవడని కొంచెం ముందుకి పట్టి ఉంచుతుంది. దవడ ముందుకొస్తే దాంతోపాటు నాలుకా వస్తుంది, గొంతులో దారి తెరుచుకుంటుంది. ఒకేసారి లాగం. కొంచెం కొంచెంగా, నేను చెప్పినప్పుడు ఒక తిప్పు తిప్పాలి" అని బుల్లి తాళంచెవి ఇచ్చింది.

మాస్టరు ముఖం వెలిగింది. "తెలిసిందమ్మా! చంకలో బిగుతుగా ఉందని కుట్టంతా విప్పేస్తే కోటు కాస్తా గోనెసంచి అవుతుంది. కొలత, ట్రయలు, ఆల్టరేషను. మీదీ మా పనేనన్నమాట!"

అంత బాగా అర్థం చేసుకున్న మనిషి ఏం చేశాడో వినండి. తొడుగు పెట్టుకున్న కొద్దిరోజులకే గురక సగం తగ్గింది. సగానికే ఇంత బాగుంటే మొత్తం తిప్పితే ఎంత బాగుంటుంది? ఎప్పుడు కత్తెర చేతికొస్తుందా అని తొందర. కొలత తీసుకునేది తానైతే ఓపిక, ఇచ్చేది తానైతే తొందర. డాక్టరమ్మని అడక్కుండా తాళంచెవి తీసుకుని, పదే పదే తిప్పేశాడు. పొద్దున్న లేచేసరికి దవడలు సలుపు, పై పళ్లూ కింది పళ్లూ కలవడం లేదు, గుమ్మానికి తలుపు పట్టనట్టు. చెవి దగ్గర పోటు. గంజి కూడా మింగలేక, భార్యకి చెప్పక తప్పక, తల దించుకుని డాక్టరమ్మ ముందు కూర్చున్నాడు.

డాక్టరమ్మ చూసి, మర ఎన్ని తిప్పులు తిరిగిందో చూసి, చేతులు నడుం మీద పెట్టుకుంది. "మాస్టరుగారూ, మీరు కుట్టిచ్చిన కోటుని మీ కస్టమరు ఇంటికి తీసుకెళ్లి, తనే కత్తెర పెట్టి సవరించుకుని, మళ్లీ మీ దగ్గరికొచ్చి బాగాలేదంటే ఏమంటారు?"

"నోర్మూసుకుని ఇంటికి పొమ్మంటానమ్మా" అన్నాడు మాస్టరు, దొంగలా.

"నేనూ అనేదాన్నే. మీ నోరు ఇప్పుడు సరిగ్గా మూతపడదు కాబట్టి అనడం లేదు."

మరలు వెనక్కి తిప్పింది. తాళంచెవి భార్య చేతికిచ్చింది. పొద్దున్నే దవడకి చేయాల్సిన కసరత్తు నేర్పింది. సాయంత్రాలు నడవమంది. మెడ లావు తగ్గితే మంచిదేనంది. అప్పటి నుంచి ఆయన నోటి తాళంచెవి భార్య కొంగుకే ఉండేది. "ఇన్నాళ్లకి మా అక్కకి సరైన అధికారం దొరికింది" అన్నాడు బావమరిది.

నెమ్మదిగా మనిషి మారాడు. లేస్తూనే వచ్చే తలనొప్పి పోయింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక బల్ల మీద తల వాల్చే అలవాటు పోయి, అందరి ప్రాణాలూ తోడేసే కబుర్లు మొదలుపెట్టాడు. ఒకరోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, "ఈ వంతెన ఎప్పుడు కట్టారు?" అని పక్కవాడిని అడిగాడు. "నాలుగేళ్లయిందండీ" అన్నాడతను, ఈయన్ని ఎగాదిగా చూస్తూ. రోజూ ఆ వంతెన మీదుగానే వెళ్లేవాడు మాస్టరు. కళ్లు మూసుకుని.

గురక పూర్తిగా ఆగిపోయాక ఒక తమాషా జరిగింది. తమాషా అనకూడదేమో. ఆయన భార్యకి నిద్ర పట్టడం ఇంకా తగ్గిపోయింది. ఇన్నేళ్లూ ఆవిడకి చప్పుడంటే ప్రాణం ఉన్నట్టు, నిశ్శబ్దం అంటే ఊపిరి ఆగినట్టు. ఇప్పుడు రాత్రంతా నిశ్శబ్దమే. చప్పుడు లేకుండా పడుకున్న మనిషిని చూస్తూ ఆవిడ చీకట్లో అలాగే కూర్చునేది. ఈ సంగతి మాస్టరుకి తెలియదు. ఆయన నిద్రపోతున్నాడు కదా.

"గురక ఆగిపోయిందటమ్మా. మా పెద్దాయనకి ఒక్కమాట చెప్పండి, కత్తెర ఇచ్చేస్తారు" అని మాస్టరు డాక్టరమ్మని బతిమాలాడు. ఆవిడ ససేమిరా అంది. గురక ఆగడం వేరు, ఊపిరి ఆగకపోవడం వేరు, తొడుగు పెట్టుకుని మళ్లీ పరీక్ష చేయించుకోవాల్సిందే, అది నిద్ర డాక్టరే చెప్పాలి. మాస్టరుకి ఒళ్లు మండింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటుందేమిటి ఈవిడ అనుకున్నాడు. అయినా వెళ్లాడు. మళ్లీ పట్టీలు, మళ్లీ క్లిప్పు.

ఫలితం చెప్పే రోజున భార్య కూడా వెళ్లింది. నిద్ర డాక్టరు తెర మీద గీతలు చూపించాడు. పాత రాత్రివి రంపపు పళ్లలా ఎగుడుదిగుడుగా ఉన్నాయి, కొత్త రాత్రివి సాఫీగా ఉన్నాయి. "తొడుగు పెట్టుకున్నంతకాలం భయం లేదు. కత్తెర పట్టుకోవచ్చు" అన్నాడు. మాస్టరు ఎగిరి గంతేసినంత పని చేశాడు. భార్య మాత్రం, "అంటే రాత్రి ఊపిరి ఆగదాండీ? నేను చూడకపోయినా?" అని అడిగింది. "మీరు చూడక్కర్లేదమ్మా" అన్నాడాయన. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దారిలోనే డాక్టరమ్మ మెట్లెక్కారు ఇద్దరూ. మాస్టరు చేతులు జోడించాడు. కళ్లు తడిశాయి, దాచుకోలేదు. "అమ్మా, పన్ను కోసం వస్తే ప్రాణం చేతిలో పెట్టి పంపారు. నేను సణిగాను, మీ మాట వినకుండా మర తిప్పాను, లోపల లోపల తిట్టుకున్నాను కూడా. మీరు పన్ను పీకి పంపేసి ఉంటే ఎవరడిగేవాళ్లు మిమ్మల్ని? మీ మేలు మరిచిపోలేనమ్మా."

"నేను చేసిందేముంది? మీరు నా కుర్చీలో నిద్రపోయారు, నేను చూశాను, అంతే. నేను చూసింది ఒక్క పూట" అంది డాక్టరమ్మ. "రోజూ చూసినావిడ మీ పక్కనే ఉంది. చెప్పేదేదో అక్కడ చెప్పండి. తొడుగు రోజూ శుభ్రంగా కడగండి. ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోండి, దవడా పళ్లూ ఎలా ఉన్నాయో చూడాలి."

మాస్టరు భార్య వంక చూశాడు. ఆవిడ గోడ మీది పళ్ల బొమ్మ చూస్తోంది. సొంత పెళ్లానికి కృతజ్ఞతలు చెప్పుకోవడం ఆ ఇంటా వంటా లేదు. ఇంటికి వెళ్లేదాకా మాట కోసం వెతుక్కున్నాడు. దొరక్క, "కాస్త టీ పెట్టు" అన్నాడు.

పెద్దాయన మాట తప్పే మనిషి కాదు. "రేపు పెందలాడే రా. మంచి గుడ్డ వచ్చింది. బల్ల తుడిపించి ఉంచుతాను" అని ఫోను చేశాడు. బావమరిది వెనక నుంచి "హమ్మయ్య!" అని అరవడం వినబడింది.

మర్నాడు తెల్లవారుతుండగా మాస్టరుకి తనంతట తనే మెలకువ వచ్చింది. తొడుగు తీసి కడుక్కున్నాడు, దవడ కసరత్తు చేశాడు, స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వంటింట్లో చప్పుడు లేదు. గదిలోకి తొంగి చూస్తే భార్య ఇంకా పడుకునే ఉంది. పెళ్లయిన నాటి నుంచీ ఆయన లేచేసరికి ఆవిడ పడుకుని ఉండటం ఎరగడు. జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి వేశాడు. ఒళ్లు చల్లగానే ఉంది. ఆవిడ కదల్లేదు. భయమేసింది. వంగి, ముఖానికి ముఖం దగ్గరగా పెట్టి, ఊపిరి తగులుతోందా అని చూశాడు. తన ఊపిరే అడ్డమొస్తోందని దాన్నీ బిగబట్టాడు. వెచ్చటి ఊపిరి చెంపకి తగిలింది, సన్నగా, నెమ్మదిగా. ఆవిడ హాయిగా నిద్రపోతోంది.

మాస్టరు మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. ఒక్కసారి చూడటానికే తన పై ప్రాణాలు పైనే పోయాయి. ఈవిడ ఇలా ఎన్ని రాత్రులు చూసింది?

బయల్దేరే వేళ దాటిపోయింది. తలుపు లోపల గడియ వేసుకోవాలంటే ఆవిణ్ని లేపాలి. లేపడానికి చెయ్యి చాచాడు, వెనక్కి తీసుకున్నాడు. అంతలో ఫోను మోగితే గబుక్కున పట్టుకుని వరండాలోకి పరుగెత్తాడు.

"ఏమయ్యా, కత్తెర వద్దా నీకు? ఇన్నాళ్లూ కలవరించి ఇవాళ ఆలస్యమా? మళ్లీ నిద్రపోయావా?" అన్నాడు పెద్దాయన.

"నేను కాదు సార్" గొంతు తగ్గించి అన్నాడు మాస్టరు. "మా ఆవిడ నిద్రపోతోంది. నా ఊపిరి ఆగుతుందేమోనని ఇన్నేళ్లూ కంటి మీద కునుకు లేకుండా కాపలా కాసింది సార్. ఇవాళే పడుకుంది. లేపడానికి చేతులు రావడం లేదు. మీకు ఆలస్యమైతే... కత్తెర మా బావమరిదికే ఇచ్చెయ్యండి."

"లేపకు" అన్నాడు పెద్దాయన, ఎప్పుడూ లేని మెత్తటి గొంతుతో. "గుడ్డ ఎక్కడికీ పోదు. ఆవిడ లేచాకే రా."

ఎండ కిటికీలోంచి మంచం మీదికి ఎక్కాక ఆవిడకి మెలకువ వచ్చింది. ఎదురుగా కుర్చీలో ఇస్త్రీ చొక్కాతో కూర్చున్న మొగుణ్ని చూసి అదిరిపడి లేవబోయింది. "అయ్యో, ఇంత పొద్దెక్కిందా! మీరింకా వెళ్లలేదేంటి? ఇవాళే కదా... నన్ను లేపొచ్చుగా!"

మాస్టరు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి మళ్లీ దిండు మీదికి వాల్చాడు.

"పడుకోవే, ఇంకాసేపు పడుకో" అన్నాడు. "నేను మేలుకునే ఉన్నానుగా."